గుండు ఇంకా ఆగలేదు

మధ్యాహ్నపు ఎండలో సిమెంటు దుమ్ము నిద్రమత్తుగా తేలుతోంది. సగం లేచిన గోడ పక్కన పండితమ్మ బల్లెక్కి దారం పట్టుకుని నిలబడింది. దారం చివర ఇత్తడి గుండు అటూ ఇటూ ఊగుతోంది. అది ఆగితేనే దారం నిటారుగా ఉన్నట్టు. ఆ దారాన్ని బట్టే నాన్న ఇటుకలు పేరుస్తాడు.

ఆమె అసలు పేరు వేరే. ఏదడిగినా జవాబు నాలుక చివరే ఉంటుందని ఇంట్లో అలా పిలుస్తారు.

ఇసుక కుప్ప మీద కూర్చున్న తమ్ముడు గుండునే చూస్తున్నాడు.

“అక్కా, ఇది ఎప్పుడూ కిందికే ఎందుకు వేలాడుతుంది?”

“గురుత్వాకర్షణ. ఆ మాత్రం తెలీదా, మొద్దూ?”

“అంటే?”

“భూమి లాగుతుంది.”

“దానికి చేతుల్లేవుగా. దేంతో లాగుతుంది?”

పండితమ్మ నోరు తెరిచింది. చెవులు వేడెక్కాయి.

“పిచ్చి ప్రశ్నలూ నువ్వూ. పోయి ఆడుకో” అని, గుండు వైపు చూడకుండానే, “ఆగింది నాన్నా” అనేసింది.

నాన్న తాపీ మేస్త్రి. దారం పట్టినవాళ్ల మాటే ఆయనకు కన్ను. మారు మాట్లాడకుండా మూడు వరుసలు పేర్చాడు. తర్వాత వెనక్కి జరిగి, ఒక కన్ను మూసి చూశాడు.

“గోడ వీధిలోకి తొంగి చూస్తోందే తల్లీ.”

ఇటుకలు ఒక్కొక్కటే తీశాడు. పచ్చి సిమెంటు గీకాడు.

“ఆగిందనుకున్నా నాన్నా.”

“ఇంకా ఆగలేదంటే నేనేమన్నా కోప్పడతానా? ఆగేదాకా చూస్తాం. పనే అది.”

ఆ మాటకన్నా తమ్ముడి వీపు ఆమెను ఎక్కువ గుచ్చింది. వాడు అటు తిరిగి కూర్చున్నాడు. సాయంత్రం దాకా ఒక్క ప్రశ్నా అడగలేదు. మర్నాడు పొద్దున కూడా.

బడిలో ఆఖరి గంట కొట్టాక ఆమె టీచరు దగ్గరికి వెళ్లింది.

“భూమి దేంతో లాగుతుంది టీచర్?”

“ఎంత లాగుతుందో ఒకాయన లెక్క కట్టాడు. దేంతోనో ఆయనా చెప్పలేకపోయాడు. చాలా ఏళ్లకు ఇంకొకాయన వచ్చి, అసలది లాగడమే కాదన్నాడు. బరువైనది తన చుట్టూ ఉన్న చోటునే వంచేస్తుందట. మనం ఆ వంపులోకి జారతామట.”

“ఎందుకు వంచుతుంది?”

“తెలీదు” అంది టీచరు బోర్డు తుడుస్తూ, టైమెంతో చెప్పినంత తేలిగ్గా. “ఇంకా వెతుకుతున్నారు.”

ఇంటిదాకా పండితమ్మ అడుగులు మెల్లగా మోపుతూ నడిచింది. సైకిళ్లూ, ఇళ్లూ, మబ్బులూ, తనూ అంతా కలిసి కనపడని ఏదో ఒడిలోకి నెమ్మదిగా జారుతున్నట్టు ఉంది.

తమ్ముడు మెత్తటి పరుపు మీద పడుకుని పైకప్పు చూస్తున్నాడు. ఆమె పక్కన కూర్చుంది. పరుపు కుంగింది. వాడు దొర్లుకుంటూ వచ్చి ఆమెకు తగిలాడు.

“నేను లాగానా?” అంది.

వాడు ఆలోచించాడు. “లేదు. పరుపు కుంగింది.”

“భూమి దగ్గరా అలాగేనట. చుట్టూ ఉన్న చోటు వంగుతుందట.”

వాడు పరుపును వేలితో నొక్కి చూశాడు. తర్వాత బెరుగ్గా అడిగాడు. “ఎందుకు వంగుతుంది?”

“నాకు తెలీదురా. టీచరుకీ తెలీదు. ఇంకా వెతుకుతున్నారు.”

వాడు లేచి కూర్చున్నాడు. “నేను పెద్దయ్యేసరికి వెతకడం అయిపోతుందా?”

“అదీ తెలీదు.”

“నాకు కొంచెం మిగల్చమని చెప్పు.”

“చెబుతాలే. ఇంకేం అడగాలనుంది నీకు?” అంటూ పండితమ్మ వాడి పక్కన వాలింది.

వాడు వేళ్లు మడవడం మొదలుపెట్టాడు.