మా నాన్న నీకు ఉద్యోగం ఇస్తానన్నాడా?

"బయటికి రా. ఇప్పుడే!"

ఆ గొంతు వినగానే లిఫ్ట్ మెకానిక్ కాళ్లు వాటంతటవే కదిలాయి. అతను ప్రేమించిన అమ్మాయి తన తండ్రి వాచీల రిపేరు షాపు తలుపు దభీమని మూసి, ఇంటికెళ్లే మెట్ల మీద అతన్ని నిలదీసింది.

"మా నాన్న నిన్నేమడిగాడు?"

"నీ గురించి చెప్పు బాబూ అన్నారు. చెప్పాను."

"ఏం చెప్పావు? ఒత్తిడిలో బాగా పనిచేస్తాను, టీమ్‌ని నడిపించగలను, అయిదేళ్లలో సూపర్‌వైజర్నవుతాను... ఇదేనా?"

"పోయిన వారం ఇంటర్వ్యూలో పొల్లుపోకుండా ఇదే చెప్పాను. ఉద్యోగమిచ్చారు."

"మా నాన్న నీకు ఉద్యోగం ఇస్తానన్నాడా?"

ఆమె ముక్కుపుటాలు అదురుతున్నాయి. నాన్నకి ఈ ప్రేమ సంగతి చెప్పడానికి ఆరు నెలలు ధైర్యం కూడగట్టుకుంది. తీరా ఇతగాడొచ్చి పది నిమిషాల్లో అంతా నీళ్లపాలు చేశాడు. నాన్న కంటికున్న భూతద్దం కూడా తీయకుండా "సరే, చూద్దాంలే" అన్నాడు. ఇక బాగుపడని వాచీల గురించే ఆయన ఆ మాటంటాడు.

"ఏం మాట్లాడాలో ముందే చెప్పొచ్చుగా?" అతనికీ కోపమొచ్చింది.

"నీ గురించి నేను రాసివ్వాలా? ఎవరితో మాట్లాడుతున్నావో, ఆయనెందుకు అడుగుతున్నాడో చూసుకోవద్దూ? అమ్మ పోయాక ఆయనకి నేనొక్కదాన్నే. కూతుర్ని ఎలాంటివాడి చేతిలో పెడుతున్నాడో తెలుసుకోవాలనుకున్నాడు!"

"నిజం చెబితే పిల్లనిస్తారా? చదువు మధ్యలో మానేశాను. అలిగితే మూడు రోజులు మాట్లాడను. అవి చెప్పుకోనా?"

"చెప్పుకో!"

అతను విసురుగా వెనక్కి తిరిగాడు. వెళ్లిపోతున్నాడనుకుంది ఆమె. కానీ అతను షాపు తలుపే తోశాడు.

"మావయ్యగారూ!" గొంతులో కోపం ఇంకా తగ్గలేదు. "నాకు కోపమెక్కువ. మీ అమ్మాయికి నాకన్నా ఎక్కువ. పోయిన నెల నా ఫోను నేలకేసి కొట్టింది. అలిగాను. ఆమెకి జ్వరమని తెలిసి అలక మర్చిపోయి పరిగెత్తుకొచ్చాను. మా నాన్న నా చిన్నప్పుడే మమ్మల్ని వదిలేసి పోయాడు. నేనలా ఎవర్నీ వదిలి పోలేను. ఇంతకన్నా చెప్పడం నాకు రాదు."

ఆయన భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు.

"జ్వరమొచ్చిన రోజు మందులు గుమ్మంలో పెట్టి, రెండు గంటలు మెట్ల మీద కూర్చున్నది నువ్వేనా?"

"నేనేనండీ."

"ఆ ముక్క ఇందాకే చెప్పడానికేం?" ఆయన బల్ల మీద గుద్దాడు. "సూపర్‌వైజరట, సూపర్‌వైజరు! స్టూలు లాక్కుని కూర్చో. మీ అమ్మగారిని ఎప్పుడు తీసుకొస్తావో చెప్పు!"

గుమ్మంలో ఆమె గబగబా కళ్లు తుడుచుకుంది.

"నాన్నా, నువ్వు అరవకు. ఇతని మీద అరవడానికి నేనున్నాను."