తీసేసిన చప్పుడు

మా ఇంట్లో రెండే గదులు. ముందు గదిలో పిన్ని కర్టెన్లు కుడుతుంది. వెనక గదిలో నేను కంప్యూటర్ ముందు కూర్చుని పాటలు కడతాను. వాయిద్యాలు లేవు, పాడేవాళ్ళు లేరు. దొరికిన చప్పుడునల్లా ముక్కలు చేసి, సాగదీసి, లయ తగిలించి ఆడించడమే నా పని. బయటి గోల లోపలికి రాకుండా కిటికీకి పాత పరుపు కట్టాను. అందుకే నా గదిలో పట్టపగలు కూడా చీకటే.

అమ్మ పోయాక నన్ను పెంచింది పిన్నే. ఆమెకు ఆయాసం. మిషన్ తొక్కుతూ కూనిరాగం తీస్తుంది, మధ్యలో ఆగి గుర్రుగుర్రుమంటూ ఊపిరి పీల్చుకుంటుంది, మళ్ళీ రాగం అందుకుంటుంది. చిన్నప్పటి నుంచీ వింటున్నాను కాబట్టి ఆ గుర్రు నాకు పట్టేది కాదు.

నా ఏడుపు వేరే ఉంది. రాత్రిళ్ళు డ్యాన్సులాడే క్లబ్బులో పాటలు ఎంచే గడ్డమాయన మొహం మీదే అనేశాడు. "బాగానే ఉందమ్మాయ్. కానీ ఎక్కడో విన్నట్టుంది. నువ్వు ఏది తెచ్చినా అంతే. ఇందులో నీది ఏదీ?"

ఆ మాట చెవిలో జోరీగలా తిరిగింది. కాదనడానికి లేదు మరి. ఒకరి బేస్, ఇంకొకరి డ్రమ్స్, మరొకరి పోకడ... నావన్నీ అరువు తెచ్చుకున్నవే.

ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం పిన్ని రాగం గోడ దాటి వచ్చింది. పని ఆపి విన్నాను. అలాంటిది ఇంకెవరి దగ్గరా లేదు.

"పిన్నీ, నీ రాగం ఒక్కసారి రికార్డు చేసుకోనా?"

"వద్దే తల్లీ. నా గొంతు పదిమంది ముందు పెట్టకు. సిగ్గు నాకు."

సరేనన్నాను. అని, ఆమె మంచినీళ్ళకు లేచినప్పుడు బట్టల గుట్టలో మైకు దాచాను. సిగ్గుపడాల్సింది నేను. పడ్డాను కూడా. కానీ మైకు తీయలేదు.

ఆమె మిషన్ ఆపి చేత్తో అంచులు కుడుతున్నప్పటి రాగం దొరికింది. దాంతోపాటు ఫ్యాను హోరు, ఆమె ఆయాసం కూడా వచ్చాయి. ఇలాంటప్పుడు మేం చేసే పని ఒకటుంది. పాట లేకుండా ఉత్త చప్పుడు మాత్రమే ఉన్న చిన్న ముక్కను ఎంచి, ఇది చెత్త అని సాఫ్ట్‌వేర్‌కు చూపిస్తాం. అది ఆ చెత్తను రికార్డింగంతా వెతికి ఏరి పారేస్తుంది. పిన్ని సూదిలో దారం ఎక్కించడానికి ఆగిన చోటు కనబడింది. అక్కడ ఫ్యానూ ఆమె ఊపిరీ తప్ప ఇంకేమీ లేవు. అదే చూపించాను. నొక్కాను.

మిగిలిన రాగం విని ఒళ్ళు జలదరించింది. అది మనిషిది కాదు, యంత్రానిదీ కాదు. ఎవరో ఊపిరే తీసుకోకుండా పాడుతున్నట్టుంది. దాని చుట్టూ చిన్న లయ కట్టి గడ్డమాయనకు పంపాను. వెంటనే ఫోన్ చేశాడు.

"ఇదమ్మాయ్ నీ సౌండు! చీకటి పడేలోగా పాట పూర్తిచేసి పంపు, ఇవాళే వేసేస్తాను. ఆ గొంతు మాత్రం ముట్టుకోకు."

సంతోషం పట్టలేక ముందు గదికి పరిగెత్తాను. పిన్ని కుడుతోంది. నెత్తిన ఫ్యాను తిరుగుతోంది... చప్పుడు లేదు.

"చిత్రంగా ఉందే," అంది పిన్ని. మొహం నిండా నవ్వు. "ఒళ్ళంతా దూదిలా తేలిపోతోంది. ఆయాసమే లేదు."

ఆయాసం లేదు. ఛాతీ కదలడం కూడా లేదు. దారం అందిస్తున్నట్టు వంగి ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టాను. గాలి తగల్లేదు. మరోసారి పెట్టాను. తగల్లేదు...

"ముక్కు దగ్గర ఆ వేలేంటే?"

"ఏం లేదు పిన్నీ."

వెనక గదికి వచ్చి తలుపు వేసుకున్నాను. చేసింది రద్దు చేయడానికి ఒక్క మీట చాలు. నొక్కితే ఊపిరి రాగంలోకి వస్తుంది, ఆమెలోకీ వస్తుంది. అది నాకు ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. నొక్కితే నా పాట పోతుందనీ తెలుసు. పాట అయ్యాక నొక్కుదాంలే అనుకున్నాను. ఆమెకేం నొప్పి లేదు కదా, హాయిగా ఉందనే చెప్పింది కదా... అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషిని ఊపిరి లేకుండా కూర్చోబెట్టి పాట కట్టుకున్నాను.

గోడ అవతల రాగం మొదలైంది. ఆగలేదు. ఊపిరి కోసం ఒక్కసారి కూడా ఆగలేదు. చాలాకాలం మూసిపెట్టిన పెట్టె తెరిస్తే వచ్చే వాసన తలుపు సందులోంచి రాసాగింది. వినలేక హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. అందులోనూ అదే రాగం.

మసక చీకటి పడేసరికి పాట పంపాను. పంపిన మరుక్షణం మీట నొక్కాను.

ఏమీ లేదు...

ఏమీ లేదు...

గుర్రు... గుర్రు... గోడ అవతల ఊపిరి!

బల్ల మీద తల పెట్టుకుని బావురుమన్నాను. మొత్తం చెప్పేసి ఆమె కాళ్ళ మీద పడాలని లేచాను. వెళ్ళి తలుపు తీశాను.

ముందు గదిలో దీపం వేయలేదు. పిన్ని నాకు వీపు పెట్టి, మిషన్ మీదికి వంగి ఉంది. ఆయాసపడుతూ ఎవరితోనో మెల్లగా మాట్లాడుతోంది.

"ఊరుకోవే... ఏడవకు. తప్పయిందన్నావుగా, చాలు. నీ మీద నాకు కోపమేంటే పిచ్చిదానా? ఇంక కాళ్ళు వదులు, మిషన్ తొక్కాలి."

నేనింకా ఏమీ చెప్పలేదు. గుమ్మంలోనే ఉన్నాను.

మిషన్ మీంచి నేల దాకా జారిన కర్టెన్ గుడ్డ ఉబ్బి ఉంది. కింద ఎవరో ఒదిగి కూర్చున్నట్టు...

పిన్నీ అని పిలవబోయాను. మాట రాలేదు. నా గొంతులోంచి గుర్రుమని ఊపిరి ఒక్కటే వచ్చింది.

పిన్ని తల ఎత్తింది. "గుమ్మం దగ్గర ఏదో చప్పుడవుతోందే."

గుడ్డ కింద నుంచి నా గొంతు జవాబిచ్చింది. నా గొంతే... ఏ వణుకూ లేకుండా, శుభ్రంగా.

"నువ్వు కుట్టుకో పిన్నీ. దాన్ని నేను తీసేస్తాను."