పదికి ఏడు

షాపులో మిగిలింది ఒక్కటే ప్యాడ్. దాని ఒక అంచు మీద ఇవాన్ చెయ్యి, రెండో అంచు మీద ఎవరో అమ్మాయి చెయ్యి ఒకేసారి పడ్డాయి.

సికింద్రాబాద్‌లో ఆర్.పి. రోడ్డు పక్క సందులో రఘునాథ్ గారి, బొమ్మలు వేసే సామాన్ల షాపు అది. బయట వాన. ప్యాడ్‌లో ఉన్నవి పదే షీట్లు. పూర్తిగా నూలుతో చేసిన మందపాటి కాగితం. నీటిరంగులకి అంతకంటే మంచిది ఆ షాపుకి ఏడాదికి ఒకటి రెండుసార్లే వస్తుంది.

"మీకు దేనికండీ ఇది?" అంది ఆమె, ప్యాడ్ వదలకుండా.

"మంచి బొమ్మ వేసేందుకు."

"ఎప్పుడు?"

ఇవాన్ నిజాయితీగా ఆలోచించాడు. "చెయ్యి కుదిరినాక."

"నేను రేపు పొద్దున్నే వేస్తాను. అయితే ఇది నాదే."

రఘునాథ్ గారు కళ్ళజోడు పైకి తోసుకుని, మీరిద్దరూ గిట్ల గుంజితే కాగితం ఎవ్వరికీ పనికిరాకుండ పోతదని చెప్పి, అంచున ఉన్న బంకను బ్లేడుతో కోసి చెరి ఐదు షీట్లు పంచారు.

ఆ అమ్మాయి ప్రిసిల్లా. ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక స్కూల్లో డ్రాయింగ్ టీచర్. ఇవాన్ మౌలాలి రైల్వే కాలనీ కుర్రాడు. ఇళ్ళ ప్లాన్లు గీసే ఉద్యోగం. ఒక్క గీత వంకర పోయినా మొత్తం మళ్ళీ గీసే అలవాటు అతనికి అక్కడిదే.

వెళ్ళేముందు ఆమె ఒక షీటు మూలని నాలుక చివరకి తాకించి చూసింది. ఇవాన్ విస్తుపోయాడు. కాగితానికి లోపలా పైనా జిగురు పట్టిస్తారనీ, అది ఉన్నంతకాలం రంగు పైనే నిలిచి మెరుస్తుందనీ, నాలుకకి అతుక్కుంటే మాత్రం జిగురు చచ్చినట్టేననీ చెప్పింది. ఇవాన్ కూడా ఓ మూల నాకి చూశాడు.

"ఇది పచ్చళ్ళ దుకాణం కాదు బిడ్డా," అన్నారు రఘునాథ్ గారు.

ఆ తర్వాత ఆదివారాలు చర్చి అయ్యాక ఇద్దరూ బొమ్మలు వేసేందుకు మౌలాలి గుట్ట కింద కలిసేవారు. ప్రిసిల్లా ఐదు షీట్లూ ఐదు వారాల్లో అయిపోయాయి. ఒకదాని మీద వాన చినుకులు పడి గుట్టంతా మచ్చలైతే, వానే సాయం చేసిందని నవ్వి ఆ బొమ్మనే గోడకి పెట్టుకుంది. ఇవాన్ చవక కాగితం మీద వేసేవాడు. తడి తగలగానే అది అప్పడంలా లేచేది. మంచి షీట్లు మాత్రం గుడ్డలో చుట్టి, ఇంట్లో ట్రంకు పెట్టెలో భద్రంగా ఉండేవి.

"వాటికి పెళ్ళి చేసి పంపిస్తావా ఏంటి?" అనేది ఆమె.

పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా ఇవాన్ గొంతు దాకా ఒక మాట వచ్చేది. దాన్నీ చెయ్యి కుదిరాకే అనుకున్నాడు.

ప్రిసిల్లా తల్లి విమలమ్మ తెలుగు టీచరుగా రిటైరయ్యారు. ఒంగోలు నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషి. కెమెరా కనబడితే మొహం తిప్పేసుకునేవారు. ఇంట్లో ఆమెది ఒక్క ఫోటో కూడా సరిగ్గా లేదు.

"అమ్మ బొమ్మ నువ్వు వెయ్యి," అని అడిగింది ప్రిసిల్లా. "నేను గీస్తే నిమిషానికోసారి లేచొచ్చి వంకలు పెడుతుంది. నీకైతే కూర్చుంటుంది. ఆ మంచి కాగితం మీద వెయ్యి ఇవాన్."

ఒక శనివారం, ప్రిసిల్లా స్కూల్లో ఉండగా, అతను వాళ్ళింటికి వెళ్ళాడు. ముందు ప్రాక్టీసు చేద్దామని చవక కాగితమే తీసుకెళ్ళాడు. విమలమ్మ లేత ఊదా చీర కట్టుకుని గంటసేపు కదలకుండా కూర్చున్నారు. కాగితం లేచింది. రంగు ముక్కు కింద గుంటలో చేరింది.

ఆమె బొమ్మ చేతిలోకి తీసుకుని, అలవాటు కొద్దీ ఎర్ర పెన్ను అందుకున్నారు. కింద మూలన గుండ్రటి అక్షరాలతో రాశారు: పదికి ఏడు. ముక్కు బాగాలేదు. అసలు బొమ్మ తెస్తే మిగతా మూడు. విమల.

"మా అమ్మాయిని అడగాల్సింది ఎప్పుడు అడుగుతావు బాబూ?" అన్నారు పెన్ను మూతపెడుతూ.

ఇవాన్ చెవులు ఎర్రబడ్డాయి. "ఈ బొమ్మ మంచిగ కుదిరినాక ఆంటీ."

"అయితే త్వరగా వెయ్యి. అసలు బొమ్మ వచ్చేదాకా ఈ సంగతి దానికి చెప్పను. నా ముక్కు ఇంక మారదు."

ఆ కాగితం ట్రంకు పెట్టె అడుగుకి చేరింది. అతను త్వరగా వెయ్యలేదు. ఒక వారం వెలుగు బాగాలేదు. ఒక నెల ఆఫీసులో పని. ఆ తర్వాత కొత్త కుంచె కొన్నాక అనుకున్నాడు. జూలైలో రెండు రోజుల జ్వరానికే విమలమ్మ పోయారు.

సమాధి అయ్యాక చర్చిలో జరిగిన ఆదరణ కూటంలో ఆమె ఐడీ కార్డు ఫోటోని పెద్దది చేసి ఫ్రేమ్‌లో పెట్టారు. అందులో ఆమె ఎవరో తెలియని మనిషిలా ఉన్నారు. అందరూ వెళ్ళాక ప్రిసిల్లా అతని దగ్గరకి వచ్చి, అమ్మ బొమ్మ ఏమైనా వేశావా అని అడిగింది. ఇవాన్‌కి ట్రంకు పెట్టెలోని వంకర కాగితం గుర్తొచ్చింది. అలాంటి రోజున దాన్ని తేవాలంటే సిగ్గేసింది. లేదన్నాడు.

"ఆ మంచి కాగితాలు దాచుకో ఇవాన్," అంది ఆమె నెమ్మదిగా. "నీకు అదే వచ్చు."

ఆ తర్వాత ఆమె ఫోన్ ఎత్తలేదు. ఆదివారాలు ఇవాన్ గుట్ట దాకా వెళ్ళి రంగుల పెట్టె తెరవకుండానే తిరిగొచ్చేవాడు.

ఏడాది తిరిగింది. వచ్చే ఆదివారం చర్చిలో విమలమ్మ జ్ఞాపకార్థ కూడిక అని రఘునాథ్ గారు చెప్పారు. ఇవాన్ ఆ రోజే ట్రంకు తెరిచి మంచి షీటు ఒకటి తీశాడు. మల్లెపువ్వులా ఉంది. గుర్తున్నంతవరకు గీసి, చీర అంచుకి తడి కుంచె తాకించాడు. రంగు నిలవలేదు. అద్దుడు కాగితంలోకి సిరా ఇంకినట్టు మచ్చలు మచ్చలుగా లోపలికి పోయింది. రెండో షీటూ అంతే. ఇవాన్ మూడో దాని మూలని నాలుకకి తాకించాడు. అతుక్కుంది. ఏళ్ళ వానల చెమ్మకి మూసిన పెట్టెలోనే జిగురు చచ్చిపోయింది.

పెట్టె అడుగున ఏడు మార్కుల బొమ్మ ఉంది. ఏడాదిగా దాని వంక చూడలేదు. ముక్కు నిజంగానే బాగాలేదు. కానీ కళ్ళజోడు పైనుంచి చూసే ఆ చూపు, నవ్వబోయి ఆపుకున్న ఆ పెదవి విమలమ్మవే.

శనివారం సాయంత్రం వానలో, కాగితాన్ని రెండు కవర్లలో చుట్టుకుని వెళ్ళాడు. ప్రిసిల్లా తలుపు తీసి, లోపలికి రమ్మనకుండా నిలబడింది. తడిసిన మనిషిని చూశాక పక్కకి జరిగింది.

"ఐదు షీట్లూ పాడైపోయినయ్. నేను దాచినందుకే," అన్నాడు. "ఇది అప్పుడే ఉండె. లేదని అబద్ధం చెప్పిన."

ఆమె బొమ్మని చాలాసేపు చూసింది. ఎర్ర అక్షరాల మీద వేలు ఆనీ ఆనకుండా పోనిచ్చింది.

"ఏడాది పాటు అమ్మని నాకు లేకుండా చేశావు."

"అవును."

"నేను రోజూ ఆ ఐడీ కార్డు ఫోటోకి గుడ్ మార్నింగ్ చెప్పాను ఇవాన్."

ఆమె ఏడ్చింది. మధ్యలో ఎక్కడో చూపు బొమ్మలోని ముక్కు మీదకి వెళ్ళినట్టుంది, ఏడుపులోనే నవ్వొచ్చింది.

"ఆ రోజు ఆంటీ ఇంకోటి సుత అడిగింది," అన్నాడు. "పెళ్ళికి నిన్ను ఎప్పుడు అడుగుతనని. బొమ్మ కుదిరినాక అన్న. చెయ్యి ఇప్పటికీ కుదర్లే ప్రిసిల్లా. అయినా అడుగుతున్న."

ప్రిసిల్లా బొమ్మని తడి తగలకుండా బల్ల మీద పెట్టింది.

"రేపు ఫ్రేమ్‌లో ఇదే పెడతాను. మార్కులతో సహా," అంది ఆమె. "నువ్వు వెనకెక్కడో కూర్చోకు. మావాళ్ళ బెంచీలో కూర్చో."

ఇవాన్ తలూపాడు. అప్పుడే అడిగి ఉంటే అదే బెంచీలో విమలమ్మ పక్కన కూర్చునేవాడు కదా అనుకున్నాడు.

ప్రిసిల్లా లోపలికి వెళ్ళి, పిల్లల డ్రాయింగ్ పుస్తకంలోంచి చింపిన పల్చటి కాగితం, పెన్సిలూ తెచ్చి అతని ముందు పెట్టింది. కళ్ళు తుడుచుకోకుండానే ఎదురుగా కుర్చీలో కూర్చుంది.

"కాగితం మంచిది కాదు," అంది. "గియ్యి."

ఇవాన్ ఈసారి ముక్కుతోనే మొదలుపెట్టాడు. అచ్చం తల్లిదే.