మేనత్త పన్ను

"ఏదీ, ఒక్కసారి 'ఈ' అను," అంది హైమ, కూతురి గడ్డం పట్టుకుని.

తన్మయి మొహం పక్కకు తిప్పుకుంది. గోడకున్న నోటిదర్పణం మాత్రం తన పని తాను చేసుకుపోయింది. పొద్దున్నే ఎదురుగా నిలబడ్డ మనిషి నోట్లోకి తొంగిచూసి, ఏ చిగురు వాచిందో ఏ పన్ను కదిలిందో చెప్పే అద్దం అది. "పై వరుసలో నాటిన మొలకలు రెండూ పూర్తిగా దిగాయి. శుభం," అంది మర్యాదగా.

ఇప్పుడు పుచ్చిన పన్నును పూడ్చేవాళ్ళు ఎవరూ లేరు. పీకేసి పంటిమొలక నాటడమే. వీధికో మొలకశాల వెలిసింది. కుర్రతనంలో దవడను సిద్ధం చేయించుకున్న తాతలు, ఎనభై దాటినా చెరుకుగడలు చీల్చుకు తింటున్నారు.

తన్మయి సంగతి వేరు. ముందుపళ్ళకు చెరో పక్కా ఉండాల్సిన పళ్ళు దానికి పుట్టుకతోనే లేవు. పాలపళ్ళు ఊడాక ఆ చోట మరేమీ రాలేదు. తల్లి పోలిక. హైమకు చిన్నప్పుడు తీగలు కట్టి, కోరపళ్ళను ముందుకు లాగి సందులు మూసేశారు. కూతురికి మాత్రం దవడ ఎదుగుదల ఆగేదాకా ఓపిక పట్టి, పంతొమ్మిదో ఏట మొలకలు నాటించారు.

మామూలుగా ఎవరి పంటి గుజ్జులోంచి వాళ్ళకే మొలక తీస్తారు. తన్మయి ఒంటికి ఆ పన్ను కట్టడమే తెలియదు కాబట్టి, ఇంకొకరి పుట్టుపన్ను కావలసివచ్చింది. ఒకసారి నాటి మొలిపించిన పన్ను ఇందుకు పనికిరాదు. హైమకూ అసలా పళ్ళే లేవు. ఆమె భర్త శశాంక్ పళ్ళన్నీ నాటినవే. అందుకని ఊరూపేరూ తెలియని దాతల పళ్ళుండే సామాన్య భాండారం నుంచి తెప్పించానన్నాడు. హైమ నమ్మింది. నమ్మక చస్తుందా, మొగుడాయె!

ఇడ్లీ కొరకడానికి తన్మయి నోరు తెరిచింది. అప్పుడు కనబడింది. కొత్తగా వచ్చిన రెండు పళ్ళలో ఒకటి తిన్నగా లేదు. ఓరవాకిలిగా తీసిన తలుపులా కాస్త పక్కకు తిరిగి ఉంది.

ఆ పన్ను హైమకు తెలుసు. తన పెళ్ళి పీటల దగ్గర, "మా వంశంలో పళ్ళు తక్కువ పిల్ల ఇదే మొదలు" అని పకపకా నవ్విన నోట్లో చూసింది. ఆ నోరు ఆడపడుచు విశాలాక్షిది. ఆ మాట మీద మొదలైన పట్టింపులతో రెండిళ్ళ మధ్యా రాకపోకలు ఆగిపోయి చాలా ఏళ్ళయింది.

"ఏవండీ, ఆ పన్ను ఎవరిది?"

"భాండారం నుంచి అన్నానుగా," అన్నాడు శశాంక్, పళ్ళెంలోంచి తలెత్తకుండా. "అయినా మా అక్కనెందుకు లాగుతావు మధ్యలోకి?"

"మీ అక్క పేరు నేనెత్తానా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే కాబోలు. తన్మయి కంచం వదిలేసి లేచిపోయింది. అంటే దానికీ తెలుసు. ఇంట్లో తెలియంది తనొక్కదానికే! హైమకు ఒళ్ళు భగ్గుమంది.

ఊరికే పన్ను పీకి ఇచ్చేంత ధర్మాత్మురాలా విశాలాక్షి? ఉయ్యాలలో వేసిన రోజునే "ఇది నా కోడలు" అని పిల్ల బుగ్గ గిల్లింది. కొడుకు అభిరామ్ ఉన్నాడాయె. మేనరికం హక్కు మాటలతో సాగదని, పంటితో గాలం వేసిందన్నమాట. రేపు "నా పన్ను పెట్టుకుని నా కొడుకుని కాదంటావా" అని పదిమందిలో నిలదీస్తే? పిల్లనివ్వం అని మొహం మీద చెప్పి రావాలి. హైమ చీర మార్చుకుని, అందిన బండెక్కి సామర్లకోట వెళ్ళింది.

తలుపు తీసిన విశాలాక్షి ముందు బిత్తరపోయింది. తర్వాత నవ్వింది. ముందుపంటి పక్కన నల్లటి సందు.

"రావే హైమా, లోపలికి రా. ఏంటలా చూత్తావు? నా దవడ ముదిరిపోయిందంట, ఇంక మొలక పట్టదంట. పోనీలే, ఈ వయసులో నన్నెవరు చూడొచ్చారు!"

"ఏం ఆశించి ఇచ్చావు వదినా?" అంది హైమ గుమ్మంలోనే. "మా పిల్ల కోసమేగా?"

"ఆశే, కాదన్ను. కోడలు పిల్ల నిండుగా నవ్వాలనే ఇచ్చా. నువ్వు ఒప్పుకోవని తమ్ముడు దాచాడు." విశాలాక్షి గొంతు తగ్గింది. "పోయిన వారం అది ఫోన్లో నాకు నవ్వి చూపించింది. గుండె ఆగినంత పనైంది. అచ్చం వయసులో నేనే! నా ఒంట్లో ముక్క దాని ఒంట్లో పెరిగిందే, ఇంక నాకు కోడలెలా అవుద్ది? కూతురవుద్ది. అభిరామ్‌కీ చెప్పేశా, తన్మయి నీకు చెల్లెలురా, ఆ ఆలోచన మానుకో అని."

హైమ గుండెల మీద బరువు దిగిపోయింది. అంతలోనే అనుమానం పొడిచింది. "ఏ ఆలోచన?"

"నీకు తెలీదా? వాళ్ళిద్దరూ రెండేళ్ళుగా ఒకళ్ళంటే ఒకళ్ళు ప్రాణం పెట్టుకున్నారు. ఈ మాట అన్నప్పట్నుంచీ వాడు అన్నం ముట్టట్లేదు. పిల్ల రోజూ నాకు ఫోన్ చేసి ఏడుత్తానే ఉంది."

వారం రోజులుగా పిల్ల కళ్ళు వాచి ఉన్నాయి. పంటి నొప్పి కాబోలనుకుని, పడుకోబోయే ముందు లవంగనూనె సీసా చేతికిచ్చి తృప్తిపడింది హైమ. ఒక్కసారైనా ఎందుకేడుస్తున్నావే అని అడగలేదు.

"ఒక్క పంటికే కూతురైపోతుందా వదినా? మొలకశాల వాళ్ళు వందలమందికి నాటుతున్నారు. వాళ్ళంతా చుట్టాలయ్యారా?"

"వాళ్ళ సంగతి నాకెందుకు? అది నవ్వితే నేను కనపడతన్నాను."

దారి పొడవునా కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ హైమకు పనికిరాలేదు. ఆడపడుచు చేతులు రెండూ పట్టుకుంది.

"మా పిల్లని చేసుకో వదినా. నీ కాళ్ళు పట్టుకుంటాను."

విశాలాక్షి చేతులు విడిపించుకుని, చెంపలు వేసుకుంది.

"మతిగానీ పోయిందా నీకు? అన్నాచెల్లెళ్ళకి పెళ్ళి చేత్తారంటే ఎక్కడన్నా?"