గరుకు వైపు రాసిన మాట

అనంతపురంలో ప్రైవేటు డిటెక్టివ్ చంద్రిక ఎదుట కూర్చుని నజ్మా జరిగింది చెప్పింది. ఆమె నాయన మహబూబ్ బాషా తాడిపత్రిలో ఒక బండల ఫ్యాక్టరీ మేస్త్రి. మొన్న సాయంత్రం ఎవరో వెనకనుంచి కొట్టి ఆయన చెయ్యి విరగ్గొట్టారు. అక్కడి బండల మీద ఎర్ర రంగుతో ‘సాయిబులకు ఈడ పని ల్యాదు’ అని రాసిపోయారు. కేసు పెట్టమంటే ఆయన మాట్లాడడు. కొట్టినవాడి పేరు తెలిస్తేనైనా పెడతాడేమోనని ఆ పిల్ల ఆశ.

ఫ్యాక్టరీలో యజమాని హరినాథ్ టీ ఇప్పించి, బయటి రౌడీల పనేనని తేల్చేశాడు. చంద్రిక అసిస్టెంటు నరేంద్ర తలూపాడు, ఎంత అమాయకుడో! చంద్రిక మాత్రం బండల చుట్టూ తిరిగింది. బండలు కడిగే కదిరమ్మను పలకరించబోతే, ఏమీ అడక్కముందే తానేమీ చూడలేదంది.

మధ్యాహ్నం చంద్రిక బాషా, నజ్మాలతో సహా అందరినీ పిలిపించింది.

"గోడకు ఆనించిన బండకు నున్నటి మొహం బయటికుంటుంది. పారిపోయే రౌడీ దాని మీదే రాస్తాడు. వీడు బండలన్నీ తిప్పి, గరుకు వైపు రాశాడు. నున్నటి వైపు రంగు పడితే మళ్లీ పాలీషు పట్టాలి. కూలివాడికి ఆ బాధ లేదు. నష్టం యజమానిదే. ఇది హరినాథ్ పనే."

తన తండ్రి పెట్టిన మేస్త్రిని తీసేసే ధైర్యం హరినాథ్‌కు లేదు, సాయిబు కింద తన మనుషులు పని చేయడం సహించలేడు. మనిషి చెయ్యి విరిచినవాడు రాయిని మాత్రం భద్రంగా చూసుకున్నాడు, థూ!

హరినాథ్ కాదనలేదు. "అయితే ఏమి? చూసినోళ్లు ఎవురు?"

ఎవరూ తలెత్తలేదు. నరేంద్రకు ఒళ్లు మండిపోయింది.

"నేను చూసినా," అంది కదిరమ్మ.

చంద్రిక బాషా వైపు తిరిగింది. "పేరు నేను చెప్పినాను. మీ నొప్పి మీరే చెప్పాలి, అన్నా."

"జారి పడినానమ్మా," అన్నాడు బాషా నేల చూస్తూ. "నా బిడ్డ ఈ దావనే కాలేజీకి పోవల్ల."

కదిరమ్మ తడిచేతులు చీరకు తుడుచుకుని, నజ్మా చెయ్యి పట్టుకుని గేటు వైపు నడిచింది. రేపటినుంచి పనికి రావద్దని హరినాథ్ వెనకనుంచి చెప్పాడు. ఆమె ఆగలేదు.

"యాడికి పోతాండావు కదిరమ్మా?" అన్నాడు బాషా.

"పోలీస్ స్టేషన్‌కు, అన్నా. నువ్వు జారి పడలేదని చెప్పేకి."

బాషా కూర్చునే ఉన్నాడు.