సబ్బు మీద నేరం

తలుపు తోసుకుని లోపలికి వచ్చినవాడు నిలువునా తడిసి ఉన్నాడు. లుంగీ అంచు నుంచి కారే నీళ్ళు అప్పుడే తుడిచిన నేల మీద మడుగు కడుతున్నాయి.

మణిమాలకి ఒళ్ళు మండింది. "ఎవడమ్మా ఈ తడిసిన కోడి! ఇది లేబ్ అనుకున్నాడా, చేపల రేవు అనుకున్నాడా?" అని తెలుగులో గొణిగింది.

యాంగోన్‌లో, అదే మన పాత రంగూన్‌లో, తెలుగులో తిట్టడమంత సుఖం మరొకటి లేదు. మన మనసు తేలికపడుతుంది, అవతలివాడు అర్థంకాక నవ్వుతూ తలూపుతాడు.

ఇతను తలూపలేదు. "రేవు నుంచే వస్తన్నానండి. చేపలు నేవు, నేనొక్కన్నే," అన్నాడు.

మణిమాల మొహం కందగడ్డయింది. అతని మెడలోని కార్డు వైపు చూసింది. "దీని మీద మిన్ తూ అని ఉంది!"

"ఆపీసుకి మిన్ తూ. ఇంటికాడ సూరి. మా ముత్తాత సిక్కోలు నుంచి ఓడల్లో మూటలు దించడానికి వచ్చి ఇక్కడే ఉండిపోనాడు."

"తెలుగొచ్చని ముందే చెప్పొద్దా?"

"తిట్టీ ముందు మీరు అడగొద్దా?"

అదీ వాళ్ళ మొదటి పరిచయం. జూన్ నెల, జోరువాన, తప్పు ఇద్దరిదీ.

బోటాటౌంగ్‌లో నది ఒడ్డున, ఒక పాత గిడ్డంగి మేడ మీద ఉన్న చిన్న ప్రైవేటు లేబ్ అది. ఆపరేషన్ అయ్యాక ఒంట్లోనే కరిగిపోయే కుట్టుదారం ఉంటుంది చూడండి, అది ఆసుపత్రులకి వెళ్ళేముందు సరైన సరుకో కాదో తేల్చి చెప్పాలి. తేల్చే మిషన్ పేరు మాస్ స్పెక్ట్రోమీటర్. నాలుగేళ్ళుగా దాన్ని నడిపేది మణిమాల.

దారాన్ని కరిగించి స్టీలు పలక మీద చుక్కలు పెడుతుంది. లేజర్ తగలగానే చుక్కలోని గొలుసుల్లాంటి అణువులు లేచి ఒక గొట్టంలో పరుగు తీస్తాయి. తేలికవి ముందు, బరువువి వెనక. వచ్చిన వరసలో కంప్యూటర్ గీతలు గీస్తుంది. గీతకీ గీతకీ మధ్య ఎడం చూస్తే గొలుసులో ఒక్కో పూస బరువెంతో తెలిసిపోతుంది. ఈ దారానికి ఆ ఎడం డెబ్భై రెండు. ఎప్పుడు చూసినా డెబ్భై రెండే రావాలి.

సూరికి కెమిస్ట్రీ డిగ్రీ ఉంది, అనుభవం లేదు. అందుకని ముందు గాజుసీసాలు, పలకలు కడగడం, జనరేటర్ని కనిపెట్టుకుని ఉండటం. నెలన్నర ప్రొబేషన్. నచ్చితే పర్మనెంట్, నచ్చకపోతే దండం.

కరెంటు పోయినప్పుడల్లా మిషన్‌లో వ్యాక్యూమ్ పడిపోయేది. మళ్ళీ గాలంతా లాగి సిద్ధం చెయ్యడానికి గంటలు పట్టేది. ఆ గంటల్లో ఎవరికీ పనుండదు. కిటికీ అవతల నది మీద వాన, ఇవతల సూరి కింద కొట్టు నుంచి తెచ్చిన టీ.

"మీరు తిట్టినంత బాగా మాట్లాడరేటండి?" అని అడిగాడొకసారి.

"తిట్లు మా నాన్నమ్మ దగ్గర నేర్చుకున్నా. మాటలు టీవీ చూసి."

"నాన్నమ్మగారి దగ్గరే మొత్తం నేర్చేసుకోవల్సింది."

"అప్పుడు నువ్వీ ఉద్యోగంలో ఒక్కరోజు కూడా ఉండేవాడివి కాదు."

ఇంకోరోజు ఆమె పలక మీద చుక్కలు పెడుతుంటే పక్కనే నిలబడి చూశాడు. "మ మణీ, మీ చేతులు బలే నిదానంగా ఆడతాయండి," అన్నాడు. బర్మా మర్యాద ప్రకారం ఆడపిల్ల పేరు ముందు 'మ' చేర్చడం మాత్రం మరిచిపోడు. ఆ మాట విన్నాక ఆ పూటంతా ఆమె చేతులు నిదానంగా ఆడలేదు.

ఆ వారంలోనే గొడవ మొదలైంది. డెబ్భై రెండు గీతల మధ్య, పిలవని పేరంటానికొచ్చినట్టు వేరే గీతలు వచ్చి కూర్చున్నాయి. వాటి ఎడం నలభై నాలుగు.

"పెగ్!" అంది మణిమాల, స్క్రీన్ వైపు చూస్తూ.

సూరి ఉలిక్కిపడ్డాడు. "ఒట్టండి, నేను తాగను!"

"తాగేది కాదు మహానుభావా. పాలీఇథిలీన్ గ్లైకాల్. సబ్బుల్లో, షాంపూల్లో ఉంటుంది. సీసాలు సబ్బుతో కడుగుతున్నావా?"

"నేదండి. మీరు చెప్పినట్టే అసిటోన్‌తో, వేడినీళ్ళతో."

"అయితే నీ గ్లవ్స్ మీదుందేమో. గ్లవ్స్ లేకుండా కడిగి చూడు."

కడిగాడు. నలభై నాలుగు పోలేదు. రెండేసిసార్లు కడగమంది. కడిగాడు. తలకి నూనె మానెయ్యమంది. మానేశాడు. జుట్టు చీపురుకట్టలా లేచి నిలబడింది గానీ నలభై నాలుగు మాత్రం కదల్లేదు.

మణిమాల మొహమాటం ఎరగని మనిషి. మనసు సంగతి మనసుది, పని సంగతి పనిది. గీతల్లో కల్తీ ఉంటే దారం మంచిదని చెప్పలేరు, చెప్పకపోతే అది ఆసుపత్రికి వెళ్ళదు. అందుకని లేబ్ పెద్ద ఖిన్ మ్యా గారి దగ్గరికెళ్ళి చెప్పేసింది. సీసాలు కడగడంలో ఏదో తేడా ఉంది, కొత్తతను వచ్చాకే మొదలైంది అని.

ఆవిడని అందరూ 'సయామా' అంటారు, మనం మేడమ్ అన్నట్టు. సయామా కళ్ళజోడు పైనుంచి చూసింది. "శుక్రవారంతో అతని ప్రొబేషన్ అయిపోతుంది. ఆలోగా ఇది పోకపోతే అతన్నే పంపించేస్తాను," అంది.

మణిమాల గీతలు పోవాలనుకుంది గానీ మనిషి పోవాలనుకోలేదు కదా!

పరుగున వచ్చి సబ్బునే మిషన్‌లో పెట్టి చూసింది. సబ్బుకి ఒంటి గీతలు వచ్చాయి. వీళ్ళ కల్తీలో మాత్రం గీతలు జంటలుగా ఉన్నాయి, ఒకటి పొడుగు, పక్కనే ఒకటి పొట్టి. గొలుసు ఒకటే, చివరన తగిలించిన కొక్కేలు రెండు రకాలన్నమాట. అంటే ఇది సబ్బు కాదు.

"జంటలు జంటలుగా ఉన్నాయంటే మంచిదే కదండి," అన్నాడు సూరి.

"నీ ఉద్యోగం ఊడేలా ఉంది. నీకు సరసంగా ఉందా?"

"ఏడిస్తే గీతలు పోతాయంటే ఏడుస్తానండి."

సమాధానం చెప్పబోయేంతలో ఫోన్ మోగింది. చేతులకి గ్లవ్స్ ఉండటంతో మోచేత్తోనే స్పీకర్ నొక్కింది. నాన్నమ్మ చిన్నతల్లి గొంతు గదంతా మోగింది. "ఒలే మణీ! ఆదివారం సేక్కాన్ నుంచి సంజీవ్ వోళ్ళు నిన్ను చూడ్డానికి వస్తన్నారు. మొకం మాడ్సుకోకుండా వేగిరం ఇంటికి రా, మాటాడాల!"

సూరి మొహంలో నవ్వు ఆరిపోయింది. సీసాల ట్రే తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ సంబంధం తనకి ఇష్టం లేదని చెప్పడానికి మణిమాలకి వీలే దొరకలేదు. అయినా అడగనివాడికి ఏమని చెబుతుంది?

సంచౌంగ్‌లోని ఇంట్లో గురువారం పొద్దున్న ఇంకో పంచాయితీ. పనికి బయల్దేరుతూ మణిమాల చేతులకి క్రీమ్ రాసుకుంటుంటే నాన్నమ్మ పట్టుకుంది.

"ఏటే అది, రోజూ పామేస్తన్నావు?"

"క్రీమ్ నాన్నమ్మా. చేతులు మెత్తగా ఉంటాయి."

"మెత్తగా ఉండి ఏటి సెయ్యాల? ఎవులికి సూపించాల?"

మణిమాల క్రీమ్ డబ్బా సంచిలో పడేసుకుంది.

"అందల ఏ గొడ్డు కొవ్వు కలిపేరో ఏటో! ఆ సేతుల్తోటే దేవుడి దీపం ఎలిగిస్తన్నావు. మీ ఆపీసుల అంత పెద్ద మిసను ఉంది గదా, అందల ఎట్టి సూడు. అది సెప్పీదాకా నా దేవుడి గది గడప తొక్కేవంటే కాళ్ళిరగ్గొడతాను!"

ముసలమ్మతో పెట్టుకుంటే తెల్లారదు. శుక్రవారం అందరికన్నా ముందే లేబ్‌కి వచ్చి, చిటికెడు క్రీమ్ కరిగించి పలక మీద చుక్క పెట్టింది మణిమాల. కొవ్వు సంగతి సరే, మనసు మాత్రం సూరి ఉద్యోగం మీదే ఉంది. ఇవాళ సయామాని ఎలా బతిమాలాలి? ఇంకొక్క వారం గడువు ఇమ్మంటే?

స్క్రీన్ మీద గీతలు లేచాయి. ఎడం నలభై నాలుగు. ఒకటి పొడుగు, పక్కనే ఒకటి పొట్టి.

మణిమాల తన చేతులు చూసుకుంది. రోజూ క్రీమ్ రాసుకున్న చేతుల్తోనే గ్లవ్స్ పైకి లాక్కుంటోంది. చేతి నుంచి గ్లవ్స్ పైకి, గ్లవ్స్ నుంచి పలక మీదికి. అతను ఎన్నిసార్లు కడిగితే ఏం లాభం? తనే మళ్ళీ పూస్తోంది.

"ఇదేటి శాంపిలండి?"

వెనక సూరి. ఎప్పుడొచ్చాడో తెలీదు.

"నా చేతి క్రీమ్," అంది.

సూరి స్క్రీన్ వైపు చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లిగా, "చెరిపేయండి," అన్నాడు.

"ఏంటి?"

"చెరిపేసి, రేపట్నించి క్రీమ్ మానేయండి. గీతలు వాటంతటవే పోతాయి. సయామా సీసాల వల్లే అనుకుంటాది. నాకు ఇంకెక్కడో పని దొరుకుద్ది. మీకు పెళ్ళి కుదురుతున్న టైములో మాట రాకూడదు."

"ఏ పెళ్ళి?"

"సంజీవ్ గారితోటి. ఆయన కోసమే కదండి ఈ క్రీమూ అదీ."

మణిమాలకి ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఆ సంజీవ్ మొహం కూడా నేను చూళ్ళేదు. అతనికోసం నేనెందుకు రాసుకుంటాను?"

"మరెవరి కోసమండి?"

అప్పుడే సయామా లోపలికొచ్చింది. చేతిలో సూరి ఫైలు. మణిమాల వెనక్కి తగ్గలేదు. స్క్రీన్ ఆవిడ వైపు తిప్పి, బర్మా భాషలో ఉన్నదంతా చెప్పేసింది. తప్పు సీసాలది కాదు, సబ్బుది కాదు, ఇతనిది అసలే కాదు, నాది.

సయామా పొడుగు గీతల్నీ పొట్టి గీతల్నీ వేలితో లెక్కపెట్టుకుంటూ చూసింది. "ఎప్పట్నించి రాస్తున్నావు ఇది?"

"జూన్ నుంచి."

"నాలుగేళ్ళుగా లేనిది జూన్‌లో ఎందుకు మొదలుపెట్టావు? రిపోర్టులో కారణం రాయాలి."

మణిమాల తల దించుకుంది. అబద్ధం ఒకటి తోచింది గానీ నోటికి రాలేదు. "ఇతను జూన్‌లో చేరాడు సయామా. నా చేతులు బాగా ఆడతాయన్నాడు. ఆ సాయంత్రమే కొన్నాను."

సయామా కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది.

"అలా రాయకు. 'వ్యక్తిగత కారణం' అని రాయి," అంది. "శాంపిళ్ళన్నీ మళ్ళీ నువ్వే చెయ్యాలి, ఆదివారం తప్ప సెలవు లేకుండా. ఆసుపత్రి వాళ్ళకి ఆలస్యానికి సంజాయిషీ కూడా నువ్వే చెప్పుకో." ఫైలు తెరిచి సంతకం చేసి సూరి చేతికిచ్చింది. "నువ్వు పర్మనెంట్. నీకూ, సబ్బుకీ కూడా క్షమాపణలు."

ఆవిడ వెళ్ళిపోయింది. సూరి ఫైలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఏం మాట్లాడవేం? నా పరువంతా అక్కడ పెట్టేశాను. అవుననో కాదనో ఏదో ఒకటి అనొచ్చు కదా!"

"ఈ సంతకం కోసమే నోరు కట్టేసుకున్నాను మణీ," అన్నాడు. 'మ' ఎక్కడో జారిపోయింది. "ప్రొబేషన్‌లో ఉన్నోడు మీ ఇంటికొచ్చి పిల్లనిమ్మని ఎలగడుగుతాడు? పర్మనెంట్ అవ్వగానే మీ నాన్నమ్మ కాళ్ళ మీద పడదామనుకున్నాను. మొన్న ఫోన్లో సంజీవ్ పేరు విన్నాక, ఇంక ఈ ఉద్యోగం ఉంటే ఎంత, ఊడితే ఎంత అనిపించింది."

మణిమాలకి కళ్ళు నిండిపోయాయి. అంటే ఇన్నాళ్ళూ తను ఊడబెరుకుతున్నదేమిటి? తన పెళ్ళినే!

"ఆదివారం రా," అంది. "సంజీవ్ వాళ్ళని రావొద్దని చెప్పేస్తాను."

సాయంత్రం నాన్నమ్మ గుమ్మంలోనే ఎదురైంది. "మిసను ఏటి సెప్పింది?"

"కొవ్వు గొడ్డుదో చెట్టుదో దానికి తెలీదంట నాన్నమ్మా. వేరే సంగతి చెప్పింది," అని, సూరి గురించి మొత్తం చెప్పేసింది. చిన్నతల్లి మూతి ముడుచుకుంది, వంటింట్లో గిన్నెలు రెండు గట్టిగా పెట్టింది. కానీ సంజీవ్ వాళ్ళకి ఫోన్ మాత్రం తనే చేసింది.

ఆదివారం సూరి ఇస్త్రీ చొక్కా వేసుకుని, గొడుగు ఉండి కూడా సగం తడిసి వచ్చాడు. చిన్నతల్లి ఎగాదిగా చూసింది. ఏ ఊరోళ్ళు, ఎవుల పిల్లడివి, ఏటి సదివేవు అని పోలీసులా అడిగింది. అన్నిటికీ చేతులు ఒళ్ళో దాచుకుని, వంచిన తల ఎత్తకుండా జవాబు చెప్పాడు.

"సరే, తిను," అంటూ గారెల పళ్ళెం అందించింది. తీసుకోక తప్పలేదు. చేతులు చాపాడు.

వేళ్ళ సందుల్లో చర్మం పగిలి ఎర్రగా ఉంది. మణికట్టు దాకా పొరలు లేచాయి. అసిటోన్, వేడినీళ్ళు, రోజుకి రెండేసిసార్లు, గ్లవ్స్ లేకుండా.

మణిమాల ఇంతవరకూ ఆ చేతులు సరిగ్గా చూడనేలేదు.

"ఒలమ్మో! ఎవులు సేసేరు బావూ ఇలగ?" అంది చిన్నతల్లి.

"ఎవులూ నేదు నాన్నమ్మా. పనిలో అయ్యింది."

"నేనే నాన్నమ్మా," అంది మణిమాల. ఏడ్చేస్తోంది. "నేనే చేయించాను."

చిన్నతల్లి మనవరాలిని చూసింది, ఆ పిల్లాడిని చూసింది. లేచి వంటింట్లోకి వెళ్ళి, నువ్వుల నూనె గోరువెచ్చగా కాచి గిన్నెలో తెచ్చింది. దాన్ని సూరికి ఇవ్వలేదు. మణిమాల ముందు పెట్టింది.

"నువ్వే సేసేవు గదా. మరి నువ్వే రాయి," అంది. "నేను దేవుడి గదిలో ఉంటాను. గారెలు సల్లారిపోతాయి, వేగిరం కానీండి."