ఏడో డెక్కులో పులిహోర

బుధవారం పొద్దున ఆరూ ఇరవైకి శకుంతల పోయింది. వయసు డెబ్భై ఆరు. కరీబియన్ సముద్రం మధ్య, నాలుగు వేల మంది తిని తాగి తందనాలాడే ఓడలో, అడుగు డెక్కు మీద, కిటికీ లేని మెడికల్ సెంటర్‌లో.

వాంతులు. విరేచనాలు. ఒంట్లో నీరంతా పోయి గుండె ఆగింది. ల్యాబ్ రిపోర్టులో ఉన్న పేరు నోరోవైరస్. కెనడాలోని మిల్టన్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఉన్న పేరు మాత్రం వేరు. చాముండేశ్వరి పులిహోర.

పదో రోజు, శుక్రవారం, ఉదయం పదిన్నరకు హైమావతి చాముండేశ్వరి టౌన్‌హౌస్ తలుపు తట్టింది.

హైమావతి ముప్పై ఏళ్లు పబ్లిక్ హెల్త్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరైంది. హోటళ్ల వంటిళ్లలో ఆమె చూడని మురికి లేదు. అందుకే బయట మంచినీళ్లు కూడా ముట్టదు. ఎవరైనా చెయ్యి కలపబోతే నమస్కారం పెట్టేస్తుంది.

"నన్నెందుకు రమ్మన్నారు?"

చాముండేశ్వరి కళ్లు వాచి ఉన్నాయి. "ఎల్లుండి శకుంతలక్కయ్య పన్నెండో రోజు. ముప్పై ఏళ్ల స్నేహం మాది. వాళ్లబ్బాయి కిరీటి ఫోన్ చేసి నన్ను గడప తొక్కొద్దన్నాడు. గుళ్లో వంటకి కూడా రావద్దని మెసేజ్ పెట్టారు. ఆవిణ్ణి చంపింది నేనేనట. అది నిజమో కాదో నాకు తెలియాలి. నిజమైతే నేనే పోయి వాడి కాళ్ల మీద పడతా."

"పులిహోర ఎప్పుడు కలిపారు?"

"శనివారం తెల్లవారుజామున నాలుగింటికి. ఏడున్నరకి ఫ్లైట్."

"చేత్తోనా?"

చాముండేశ్వరి మొహం మాడిపోయింది. "పులిహోర గరిటెతో కలుపుతారా అండీ? మెతుకు చితికిపోదూ?"

"తప్పు పట్టడం లేదు. ఎప్పుడు తిన్నారు?"

"సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటా పావుకి. ఏడో డెక్కులో మా కేబిన్, 7214. దారిలో తప్ప అప్పటిదాకా ఫ్రిజ్‌లోనే ఉంది."

"ఓడలోకి ఇంటి తిండి తేకూడదుగా?"

"చీరల మధ్య పెట్టి తెచ్చా. అక్కయ్యే అడిగింది. ఆ ఓడ తిండి మనకి సయించదే, కాస్త పులిహోర పట్రా అంది." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆవిడకి మొదటి వాంతి?"

"సోమవారమే. నాలుగు దాటి ఐదు నిమిషాలకి."

హైమావతి నోట్‌బుక్కులో రెండు టైములూ రాసింది. ఒంటిగంటా పావు. నాలుగూ ఐదు. రెండో దాని కింద గీత గీసింది.

అప్పుడు మేడ మీంచి విశ్వనాథం దిగాడు. చాముండేశ్వరి భర్త. డెబ్భై ఏళ్ల రిటైర్డ్ ఇంజనీరు. ఇంట్లో కూడా చొక్కా టక్ చేసుకుని తిరిగే మనిషి. పెళ్లై నలభై ఏళ్లైన సందర్భంగా ఈ క్రూజ్ తన ఐడియానే అని ఆరు నెలలు ఊరంతా చెప్పుకున్నాడు.

"ఇదంతా ఇప్పుడు తవ్వడం ఎందుకండీ? పాపం, ఇది కావాలని చేసిందా? తెలిసీ తెలియక చేసింది. నాలుగు రోజులు పోతే జనమే మర్చిపోతారు."

వినడానికి సానుభూతిలాగే ఉంది. హైమావతికి ఎందుకో ఒళ్లు మండింది.

"మీకూ వచ్చింది కదా. ఎప్పుడు?"

"సోమవారం మూడింటికి. పులిహోర తిన్న రెండు గంటలకి."

"ఓడ ఎక్కే ముందు హెల్త్ ఫారం ఎవరు నింపారు?"

"ఇద్దరిదీ నేనే. ఫోన్లో. అన్నిటికీ నో కొట్టా. అందరూ అంతేగా."

చాముండేశ్వరి రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చింది. హైమావతి వద్దంది. విశ్వనాథం ముక్కు మూసుకున్నాడు.

"దూరంగా పెట్టవే! ఆ వాసన నాకు పడదని తెలీదూ?"

"పెళ్లైన దగ్గర్నుంచీ ఇంతే. పెరుగు గిన్నె కనబడితే పక్క గదిలోకి పోతారు," అంది చాముండేశ్వరి.

మధ్యాహ్నం రెండింటికి హైమావతి సుధామయి ఇంట్లో ఉంది. సుధామయి రిటైర్డ్ డెంటిస్టు. పదకొండు మంది ట్రిప్పునూ బుక్ చేసిన మనిషి. ఫోన్లో మూడు వందల పన్నెండు ఫోటోలు.

"నాకు మంగళవారం తెల్లారి పట్టుకుంది. ఆ పులిహోరే, హైమా. చేత్తో పిసికిందట. ఛీ!"

హైమావతి ఫోటోలు తిప్పింది. మనుషులంటేనే రోత పుట్టేలా ఉన్నాయి. బఫేలో ఒకాయన గరిటె రుచి చూసి మళ్లీ గిన్నెలో పెడుతున్నాడు. ఒకావిడ బ్రెడ్డు ముక్కలన్నీ నొక్కి నొక్కి మెత్తనిది ఏరుకుంటోంది. చేతులు కడుక్కునే చోట ఒక్కడూ లేడు. వేడినీళ్ల తొట్టిలో పన్నెండు మంది, ఒకళ్ల చంకలో ఒకళ్లు.

"థూ! దీనికా మీరంతా ఎగబడి పోయింది?"

"అబ్బా, సముద్రం చూడు!"

"సముద్రం బాగానే ఉంది. తొట్టే బాలేదు. ఇదేంటి?"

"ఆదివారం సాయంత్రం రమ్మీ. ఐదు నుంచి ఏడు దాకా. ఆరుగురం ఆడాం. శకుంతలక్క మూడుసార్లు షో కొట్టింది తెలుసా! అదే ఆవిడ చివరి సంతోషం."

ఆరుగురి పేర్లూ రాసుకుంది. శకుంతల, కిరీటి, సుధామయి, ఆమె భర్త, ఆమె తమ్ముడు, విశ్వనాథం. ఫోటోలో విశ్వనాథం ముక్కలు పంచుతున్నాడు. నాలుక బయట ఉంది. బొటనవేలు నాలుక మీద ఉంది.

హైమావతి ఫోన్‌ను కాస్త దూరంగా పట్టుకుంది. అయినా వెనక్కి తిప్పుతూ పోయింది. ఆదివారం ఉదయం ఎనిమిదీ పది. ఓడ ఎక్కడానికి ముందు, ఫ్లోరిడా హోటల్లో టిఫిన్. సుధామయి సెల్ఫీ. వెనక మూల బల్ల దగ్గర విశ్వనాథం ఒక్కడే. ముందు ఒక ప్లాస్టిక్ కప్పు, మూత తీసిన చిన్న స్టీలు డబ్బా. రెండు వేళ్లతో ఫోటోని పెద్దది చేసింది.

"ఇది నాకు పంపించు. ఇప్పుడే."

శనివారం సాయంత్రం నాలుగింటికి, మిల్టన్‌కి దగ్గర్లోనే ఉన్న కేంబ్రిడ్జ్‌లో కిరీటి ఇంట్లో అందరూ కూర్చున్నారు. హైమావతి మాట తీసెయ్యలేక కిరీటి చాముండేశ్వరిని లోపలికి రానిచ్చాడు. ఆమె తలుపు దగ్గరి కుర్చీలోనే ఉండిపోయింది. పక్కన విశ్వనాథం. ఎదురుగా సుధామయి.

"కిరీటీ, ఆ రోజు నువ్వు పులిహోర తిన్నావా?" హైమావతి అడిగింది.

"లేదు ఆంటీ. నాకు ఎసిడిటీ. చింతపండు పడదు."

"నీకు జబ్బు చేసిందా?"

"చేసింది. మంగళవారం. అమ్మ దగ్గర అంటుకుందనుకున్నా."

"పదకొండు మందిలో ఆరుగురు పడ్డారు. ఆ ఆరుగురూ ఆదివారం సాయంత్రం పేకాట ఆడినవాళ్లే. ఆడని ఐదుగురికీ ఏమీ కాలేదు. ఆ ఐదుగురూ పులిహోర తిన్నారు. చాముండేశ్వరి రెండుసార్లు పెట్టుకుని తింది."

హైమావతి నోట్‌బుక్కు పేజీ తిప్పింది.

"ఇంకోటి. నోరోవైరస్ లోపలికి పోయాక బయటపడటానికి కనీసం పన్నెండు గంటలు పడుతుంది. మీ అమ్మ పులిహోర తిన్నది ఒంటిగంటా పావుకి. మొదటి వాంతి నాలుగూ ఐదుకి. మూడు గంటలు కూడా లేదు. అంటే ఆ పురుగు ముందు రోజే ఆవిడ ఒంట్లోకి పోయింది. పేకముక్కల మీంచి."

"మరి అందరూ పులిహోర అని..." సుధామయి నీళ్లు నమిలింది.

"ఆ మాట మొదట ఎవరన్నారు? కిరీటీ, మీ అమ్మ ఫైల్లో నర్సు రాసింది చదువు."

కిరీటి కాగితం తీశాడు. "సోమవారం, ఐదున్నర. ఇంట్లో చేత్తో కలిపిన అన్నం తిన్నారని 7214 ప్యాసెంజర్ చెప్పారు." తలెత్తి అడిగాడు. "7214 ఎవరిది?"

"మాదే," అంది చాముండేశ్వరి మెల్లగా. "కానీ ఆ టైమ్‌లో నేను అక్కయ్య కేబిన్‌లో నేల తుడుస్తున్నా."

ఆమె తల తిప్పి భర్త వైపు చూసింది.

"అడిగారు, చెప్పా. అందులో తప్పేముంది?" విశ్వనాథం గొంతు పెంచాడు. "అప్పుడు నాకలాగే అనిపించింది. అయినా ఆరుగురం ఆడితే నా ఒక్కడి మీదే పడతారేంటి?"

హైమావతి హోటల్ టిఫిన్ ఫోటో తెరిచి ఫోన్ బల్ల మీద పెట్టింది. "చాముండేశ్వరి గారూ, ఆ డబ్బా ఎవరిది?"

"నాదే. ప్రయాణాల్లో మెంతులు, వాము పెట్టుకుంటా. బ్యాగు ఆయన రూమ్‌లో ఉంది. ఆ రాత్రి హోటల్లో అక్కయ్యకి తోడుగా ఆవిడ రూమ్‌లో పడుకున్నా. పొద్దున టిఫిన్‌కి కూడా దిగలేదు."

"ఆ కప్పులో ఏముంది?"

చాముండేశ్వరి కళ్లద్దాలు సర్దుకుని చూసింది.

"పెరుగు," అంది. "పెరుగులో మెంతులు."

"పెరుగు గిన్నె కనబడితే పక్క గదిలోకి పోయే మనిషి ముక్కు మూసుకుని మెంతులు పెరుగులో వేసుకుని మింగుతున్నాడు. దేనికి మింగుతారో మన ఇళ్లల్లో చిన్నపిల్లనడిగినా చెబుతుంది. టైమ్ చూడండి. ఆదివారం ఎనిమిదీ పది. పులిహోర డబ్బా మూత తియ్యడానికి ఇంకా ఇరవై తొమ్మిది గంటలుంది. విశ్వనాథం గారూ, ఎప్పుడు మొదలైంది?"

ఆయన టక్ సర్దుకున్నాడు. నుదురు తుడుచుకున్నాడు.

"ఎప్పుడు?"

"శనివారం రాత్రి. నాలుగుసార్లు... అయ్యింది."

"ఫారంలో నో ఎందుకు కొట్టారు?"

"ఎస్ కొడితే అక్కడే ఆపేస్తారు! పదకొండు మంది ముందు పక్కకి పిలుస్తారు. నాకు విరేచనాలని లైన్లో నిలబడి చెప్పుకోమంటారా? నా పరువేం కాను? తగ్గిపోయిందనుకున్నా."

"తగ్గిపోయిందనుకుని, ఆ చేతుల్తో, నాలుక తడి చేసుకుంటూ ముక్కలు పంచారు."

సుధామయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వంటింటి సింక్ వైపు పరుగెత్తింది.

కిరీటి లేచాడు. విశ్వనాథం మీదికి వెళతాడేమోననిపించింది. వెళ్లలేదు. చాముండేశ్వరి ముందు మోకాళ్ల మీద కూలబడి భోరుమన్నాడు. "ఆంటీ, మిమ్మల్ని ఎన్ని మాటలన్నాను ఆంటీ!"

ఆమె వాడి తల నిమిరింది. కళ్లు మాత్రం భర్త మీదే ఉన్నాయి.

"ఆ సోమవారం నుంచీ పదమూడు రోజులు, ఏవండీ. నా చేతులు చూసుకుని రోజూ ఏడ్చా. మీరు పక్కనే కూర్చుని, పోనీలే ఏడవకు అన్నారు."

"చాముండీ, ఇంటికెళ్లి మాట్లాడుకుందాం..."

"అక్కయ్య వాంతులు ఈ చేతులతో ఎత్తా. బట్టలు పిండా. రోత పుట్టలేదు నాకు. ఇప్పుడు మీ పక్కన కూర్చుంటే పుడుతోంది." ఆమె లేచి కుర్చీని నాలుగడుగుల అవతలికి లాక్కుని కూర్చుంది.

"కిరీటీ, రేపు భోజనాలకి ఎంతమంది?"

"నూట ఇరవై మంది ఆంటీ."

"వంట నేను చేస్తా. రాత్రికి ఇక్కడే ఉంటా. వడ్డించే ముందు మీ అంకుల్ లేచి మాట్లాడతారు. ఏం జబ్బు, ఎప్పటినుంచి, ఎవరి మీద తోశారు, అన్నీ చెబుతారు."

విశ్వనాథం మొహంలో నెత్తుటి చుక్క లేదు. "అంతమంది ముందా?"

"పదకొండు మందికి చెప్పడానికి సిగ్గుపడ్డారుగా. ఇప్పుడు నూట ఇరవై మందికి చెప్పండి."

"గొంతు పెగలదే నాకు..."

"మైకు కిరీటి ఇస్తాడు," అంది చాముండేశ్వరి.

కిరీటి కళ్లు తుడుచుకుని, ఇస్తానన్నట్టు తలూపాడు.